మామిడికాయ లేని ఉగాది పచ్చడి

మా సన్యాసిరావు మాస్టారు ఇక లేరు. ఈ ఒక్క వాక్యం రాయడానికి కూర్చున్నాను, లేచాను, మళ్లీ కూర్చున్నాను. ఆ ఉదయం విశ్వవిద్యాలయం గేటు ముందు పికప్ బండి ఆగి ఉంది. వెనకాల టార్పాలిన్ కింద, తాళ్లతో బిగించి, మా విద్యార్థిని మడకం లచ్చి తయారుచేసిన మామిడికాయ కోత యంత్రం ఉంది. దాన్ని లచ్చి ఊరు గొల్లపల్లికి చేర్చాలి. లచ్చి, నేను, డ్రైవరు మాస్టారి కోసం ఎదురుచూస్తున్నాం. ఎప్పుడూ మాకంటే ముందే వచ్చి "ఏటమ్మా, ఇంకా తెమల్లేదా?" అని తరిమే మనిషి ఆ రోజు రాలేదు. నేను విసుక్కున్నాను కూడా. అప్పుడు ఫోను మోగింది. మాస్టారి భార్య రాజ్యం గారు. "పద్మా, మీ మాస్టారు లేవట్లేదే. ఎంత పిలిచినా పలకట్లేదే" అన్నారు. నాకు మాట వినబడింది గాని అర్థం లోపలికి దిగలేదు. "గట్టిగా పిలవండి పిన్నిగారూ" అన్నాను, పిచ్చిదానిలా.

నిద్రలోనే గుండె ఆగిందన్నారు డాక్టరు. ఏ బాధా లేకుండా పోయారన్నారు. బాధ లేకపోవడమేమిటి? ఆ నెల రోజులూ ఆ గుండె ఎంత భారం మోసిందో చూసినదాన్ని నేను. పోయినవారి మీద కోపం కూడదంటారు. నాకు మాత్రం ఉంది. ఇంకొక్క వారం ఆగలేకపోయారా మాస్టారూ?

ఆయనను ఎరగని వారి కోసం నాలుగు మాటలు చెప్పాలి. మాస్టారి తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బస్తర్‌లోని కిరండూల్ ఇనుప గనిలో చేరినవారు. మాస్టారు ఆ ఎర్ర దుమ్ములోనే పెరిగారు. చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని, రాయి నింపుకుని విశాఖపట్నం వెళ్లే గూడ్సు బండిని చూస్తూ ఉండేవారట. "నింపుకుని వెళ్లేది, ఖాళీగా వచ్చేది పద్మా. మన రాయి పోయి ఎక్కడో వస్తువవుద్ది. ఆ వస్తువు ఇక్కడెందుకు అవ్వదు అని నాన్ననడిగితే, చదువుకో చెప్తాను అనీవోడు" అని ఎన్నిసార్లు చెప్పారో. ఇంజనీరింగు చదివారు, బయట పెద్ద ఉద్యోగాలు చేశారు, చివరికి బస్తర్‌కే తిరిగివచ్చి మా విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. విద్యార్థుల ఆలోచనలను జీవనోపాధిగా, వ్యాపారంగా మలిచే కేంద్రానికి ఆయనే సారథి. నేను ఆంధ్ర సరిహద్దున ఉన్న కోంటాలో కిరాణా కొట్టు వాళ్ల అమ్మాయిని. ఆయన దగ్గరే చదివి, ఆయన దగ్గరే కాంట్రాక్టు మీద సహాయకురాలిగా చేరాను. నా "ఏంది"ని ఆయన, ఆయన "ఏటి"ని నేను వెక్కిరించుకుంటూ ఆ కేంద్రంలో మా రోజులు గడిచాయి.

ఆ కేంద్రానికి కాగితాల మీద ఇంక్యుబేషన్ సెంటర్ అని పేరు. ఆయన మాత్రం తెలుగులో "పొదుగుడు కేంద్రం" అనేవారు. దాంతో తెలుగొచ్చిన సిబ్బంది ఆయనకు పొదుగుడు మాస్టారు అని పేరు పెట్టారు. సన్యాసి వచ్చి సంసారులకు వ్యాపారం నేర్పుతున్నాడని మరో చమత్కారం. అన్నీ విని నవ్వేవారు. అయితే పైనుంచి నెలనెలా "ఎన్ని కంపెనీలు పెట్టించారు, ఎన్ని పేటెంట్లు వచ్చాయి" అని అడిగినప్పుడు మాత్రం ఆ నవ్వు మాయమయ్యేది. "పొదిగే కోడి కింద రోజూ చెయ్యి పెట్టి చూస్తే పిల్ల ఎలాగవుద్దయ్యా? గుడ్డు మురిగిపోద్ది" అని అదే మాట హిందీలో పై అధికారులకు చెప్పేవారు. వాళ్లకు కోపం వచ్చేది. రాకేం చేస్తుంది?

కేంద్రంలో అడుగుపెట్టిన ప్రతి విద్యార్థినీ ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే: "మీ ఇంట్లో ఎవరి నడుము నొప్పెడతాది?" ఆవపల్లి నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఫోనులో భోజనాలు తెప్పించుకునే యాప్ చేస్తానని ఎంతో హుషారుగా వచ్చాడు. మాస్టారు కాదనలేదు. వాడి వెంట ఆవపల్లి వెళ్లారు, దారి లేని చోట సైకిలు దిగి నడిచారు. వాడి ఇంటి ముందు నిలబడి "ఏదీ, ఇప్పుడు నాకు భోజనం తెప్పించు" అన్నారు. సిగ్నల్ ఉంటే కదా! వాడి తల్లి నవ్వుతూ ఇద్దరికీ అన్నం పెట్టింది. ఆవిడ వడ్ల బస్తాను నెత్తిన పెట్టుకుని మిల్లుకు నడుస్తుందని ఆ పూటే తెలిసింది. తరువాత ఆ కుర్రాడు సైకిలుకు తగిలించే బస్తాల బండి చేశాడు. అది ఇవాళ ఆ చుట్టుపక్కల తిరుగుతోంది.

లచ్చిని కూడా ఆ ప్రశ్నే అడిగారు. గొల్లపల్లి దొర్ల తెగ పిల్ల, బియస్సీ చదువుతోంది, నోట్లోంచి మాట రావడమే గగనం. "మా అవ్వది సారూ" అంది. "నడుమే కాదు, వేళ్లు గూడ. ఆల్చిప్పతోని మామిడికాయ చెక్కు తీసి తీసి వేళ్లు వంకర పోయినయ్." ఎండిన మామిడి ముక్కలే, అంటే ఆమ్చూరే, మా అడవి ఊళ్ల వేసవి ఆదాయం. చెక్కు తీసి, కోసి, నేల మీద ఎండబెడితే నల్లబడుతుంది, సంతలో బేరగాడు మొహం చిట్లిస్తాడు. తొందరగా కోసి, జల్లెడ మీద ఎండబెడితే తెల్లగా ఉంటుంది. లచ్చి పాత సైకిలు పెడలు, చైను తీసుకుని, తొక్కుతుంటే కాయ చెక్కు ఊడి ముక్కలుగా పడే యంత్రాన్ని రెండు వేసవులు కష్టపడి తయారుచేసింది. ఎన్నిసార్లు విప్పిందో, ఎన్నిసార్లు ఏడ్చిందో నాకు తెలుసు. మాస్టారు ఒక్క మర కూడా తన చేత్తో బిగించలేదు. "అది దాని యంత్రం. నేను బిగిస్తే నాదైపోద్ది" అనేవారు.

ఇక ఈ వేసవి మాట. బస్తర్‌ను ఎరగని పాఠకులకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు ఆదివాసీ ఊళ్లలో ఏ కొత్త పంటైనా పండుం జరిగాకే నోటికి వెళ్తుంది. మామిడి కాపు వస్తే, ఊరి పెద్దలు ఒక రోజు నిర్ణయించి, భూమికీ పోయిన పెద్దలకూ మొదటి కాయ సమర్పిస్తారు. అదే మామిడి పండుం. అంతవరకు ఎవరూ కొత్త కాయ కోయరు, తినరు. గొల్లపల్లిలోనైతే పండుం కాకముందు కాయ కోసిన కత్తిని ఆ ఏడాది ఇంటి గడప దాటి లోపలికి రానివ్వరు. మా కోంటా తెలుగు ఇళ్లలో ఉగాది పచ్చడిలోకి మామిడికాయ తరుక్కుంటూనే ఉంటాం. వాళ్లు మమ్మల్ని ఏమీ అనరు. వాళ్ల పండుం వాళ్లది, మన ఉగాది మనది.

మార్చిలో కమిటీ వచ్చింది. కేంద్రాన్ని కొనసాగించాలా, మూసేయాలా అనేది ఆ కమిటీ చేతిలో ఉంది. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా వాళ్లు తేల్చాలి. ఏదైనా ఒక యంత్రం కళ్లముందు పనిచేసి చూపించాలన్నారు. మా దగ్గర సిద్ధంగా ఉన్నది లచ్చి యంత్రమే. మామిడి పండుం ఇంకా కాలేదు. నిరుటి వేసవిలో తీసిన వీడియో చూపిస్తామంటే, వీడియో చూడటానికి ఇంత దూరం రావాలా అని కమిటీ అధ్యక్షుడు చిరాకు పడ్డాడు.

మా కార్యాలయ అధికారి ఒకడు తెలివైన పని చేశాననుకున్నాడు. విశాఖ నుంచి కిరండూల్ వచ్చే రైల్లో ముందే ఒక బుట్టెడు మామిడికాయలు తెప్పించి ఉంచాడు. "ఇవి మీ అడవి కాయలు కావు కదా" అన్నాడు. లచ్చి తల దించుకుంది. "మామిడికాయే గద సారూ. పండుం కాలే. నేను కొయ్య" అంది. "ఆమ్ తో ఆమ్ హై" అని అతను ఆమె మాటనే ఆమె మీదికి తిప్పి నవ్వాడు. మామిడి మామిడే, కోస్తే పోయేదేముందని అతని భావం. కోస్తే కేంద్రం బతుకుతుంది. కానీ ఆ యంత్రం గొల్లపల్లిలో ఏ ఇంటి గడపా తొక్కదు. లచ్చి ఎవరి వేళ్ల కోసం దాన్ని చేసిందో ఆ అవ్వే దాన్ని ముట్టుకోదు. కోయకపోతే యంత్రం మిగులుతుంది, దాన్ని పుట్టించిన చోటు మూతపడుతుంది. మాస్టారి వైపు చూశాను. ఆయన నుదుటి మీద చెమట పట్టి ఉంది, ఎడమ చెయ్యి ఛాతీ మీద ఉంది.

ఇంతలో ఆ అధికారే కుర్చీలోంచి లేచి, "నేనే తొక్కుతాను, ఏమవుతుందో చూద్దాం" అంటూ ఒక కాయను యంత్రంలో పెట్టి పెడలు మీద కాలు వేశాడు. లచ్చి "సారూ!" అని ఒక్క అరుపు అరిచింది. ఆ పిల్ల నోట అంత పెద్ద మాట నేను ఎన్నడూ వినలేదు. మాస్టారు వంగి, తిరగబోతున్న చైనును ఉత్త చేత్తో పట్టి లాగేశారు. చైను ఊడి కింద పడింది. పెడలు ఊరికే గిర్రున తిరిగింది, కత్తి కదల్లేదు. ఆయన వేళ్లు చిట్లి, రక్తమూ గ్రీజూ కలిసి కారుతున్నాయి. ఆ చెయ్యి అలాగే ముందుకు చాపి, ఆయాసంతో, చాలా నెమ్మదిగా హిందీలో అన్నారు: "యంత్రం సిద్ధంగా ఉంది. కాయ సిద్ధంగా లేదు. పండుం అయ్యాక గొల్లపల్లి రండి, నేనే తీసుకెళ్తాను."

అధ్యక్షుడు లేచి నిలబడ్డాడు. ఒక పండుగ కోసం ప్రభుత్వం ఆగాలా, మూఢనమ్మకాలకు విశ్వవిద్యాలయం కొమ్ము కాయాలా అన్నాడు. మాస్టారు ఆయనకు చెప్పిన జవాబును నేను చచ్చేదాకా మరిచిపోను. "నమ్మకం సంగతి నాకు తెలీదు సాబ్. ఈ యంత్రాన్ని కొనేది వాళ్లు. ఎవరికి అమ్ముతున్నామో వాళ్ల గుమ్మం ముందు చెప్పులు విప్పడం నేర్పకపోతే, మేము నేర్పే వ్యాపారం ఏపాటిది?" ఎవరూ టీ ముట్టలేదు. కార్లు వెళ్లిపోయాయి. ఆ వారంలోనే కేంద్రానికి తాళం పడింది.

తాళం పడిన రోజున నేను నోటికొచ్చినట్టు మాట్లాడాను. "ఒక్క కాయ సార్! ఒక్క కాయకు ఇంత జేసుకుంటరా? ఏంది మీ పట్టుదల?" అన్నాను. ఆయన నా కోపం చల్లారేదాకా వేలి కట్టు సర్దుకుంటూ కూర్చున్నారు. "నీ కోపం తగలెయ్య. కేంద్రం పోతే ఇంకోటి పెట్టుకోవచ్చమ్మా. ఆ పిల్ల ఊళ్లో మొహం ఎత్తుకోలేకపోతే ఎక్కడ్నించి తెస్తావు?" అన్నారు.

ఆ తరువాత వచ్చిన ఉగాదికి వాళ్లింటికి వెళ్లాను. రాజ్యం గారు గిన్నెలో పచ్చడి పెట్టారు. నోట్లో వేసుకుంటే ఏదో వెలితి. చింతపండు పులుపుంది, బెల్లం, వేపపువ్వు, ఉప్పు, కారం అన్నీ ఉన్నాయి. "వగరేది పిన్నిగారూ?" అన్నాను. ఆవిడ మూతి ముడిచి మాస్టారి వైపు చేయి చూపించారు. "అడుగు మీ మాస్టార్ని. మా అత్తగారి కాలం నుంచీ మామిడికాయ లేని ఉగాది లేదు మా ఇంట్లో. ఈయనొచ్చి కత్తిపీట దాచేశారు." మాస్టారు నవ్వారు. "కమిటీ వాళ్లని కాయ ముట్టొద్దని, ఇంటికొచ్చి నేను తరుక్కు తింటానేటి? వగరు పండుం అయ్యాక తిందాం. గొల్లపల్లిలో తిందాం." ఉగాది పూట ఆరు రుచుల్లో ఒకటి వదులుకున్న తెలుగువాడిని నేను ఆయన ఒక్కరినే చూశాను. ఆ పూట వెక్కిరించాను కూడా, వగరు లేకపోతే ఈ ఏడాదంతా మీకు ఎదురుండదు సార్ అని. మర్నాడు లచ్చికి కూడా చెప్పి నవ్వాను.

యంత్రం మాత్రం తాళం వెనకే ఉండిపోయింది. కేంద్రంలోని సామాను అంతా విశ్వవిద్యాలయం స్టోరుకు చేరాలని ఆదేశం. లచ్చి ఊళ్లో పండుం దగ్గరపడుతోంది. అప్పటికి యంత్రం ఊరు చేరకపోతే ఈ వేసవి కూడా అవ్వ ఆల్చిప్పే పట్టుకోవాలి, వచ్చే వేసవికి అది తుప్పు పట్టి ఉంటుంది. మాస్టారు రోజూ పొద్దున్నే కార్యాలయం ముందు బల్ల మీద కూర్చునేవారు. గొడవ లేదు, కేక లేదు. విద్యార్థి చేసింది విద్యార్థిది అని వచ్చిపోయే ప్రతి అధికారికీ చెప్పేవారు. మధ్యలో ఆయాసం వస్తే కళ్లు మూసుకునేవారు. ఆస్పత్రికి పోదాం సార్ అంటే, "బండి గొల్లపల్లి నుంచి తిరిగొచ్చాక చూపించుకుంటాను, ఒట్టు" అన్నారు. చివరికి, ఈ మనిషి రోజూ కళ్లముందు కూర్చోవడం భరించలేకనో, మనసు కరిగో, యంత్రాన్ని విడిచిపెట్టారు. ఆ సాయంత్రం పికప్ మాట్లాడాం. మర్నాడు పొద్దున జరిగింది మొదట్లోనే చెప్పాను.

బండి అలాగే గేటు ముందు ఉండగా మేము ఆయన అంత్యక్రియలకు వెళ్లాం. కిరండూల్ నుంచి, బచేలి నుంచి గని కుటుంబాలు వచ్చాయి. ఆవపల్లి కుర్రాడు వచ్చాడు. పదవిలో ఉన్నవాళ్లు పూలదండలు పంపారు. మర్నాడు రాజ్యం గారి దగ్గర కూర్చుని, బండి తిప్పి పంపేయమంటారా అని అడిగాను. ఆవిడ కళ్లు తుడుచుకుని నన్ను కసిరారు. "దేనికోసం పోయారే ఆయన? పండుం మీకోసం ఆగుతుందా? వెళ్లండి!"

సుక్మా మీదుగా గొల్లపల్లి దాకా లచ్చి వెనక్కి తిరిగి యంత్రం తాళ్లనే చూసుకుంటూ ఉంది. నా భయం నాది. చావు జరిగిన చోటు నుంచి వస్తున్న సామాను. కమిటీ రోజు ఎవరో యంత్రం మీద కాయ పెట్టారన్న వార్త మాకంటే ముందే ఆ ఊరికి చేరిపోయింది. పండుం జరిగే చోట ఊరంతా కూర్చుని ఉంది. బండి ఆగగానే ఊరి పూజారి లేచి వచ్చాడు. టార్పాలిన్ ఎత్తి కత్తిని చూశాడు. లచ్చినే సూటిగా అడిగాడు. "ఈ ఏటి కాయ తగిలిందా దీనికి?"

లచ్చి అతని కళ్లలోకి చూసి చెప్పింది. "తగల్లే తాతా. పెట్టిండ్రు గాని, తగల్లే. మా సారు చైను పీకేసిండు. చెయ్యి తెగింది గాని వదల్లే."

ముసలాయన చాలాసేపు కత్తి మీద వేలు పెట్టి చూశాడు. తరువాత, "దించండి" అన్నాడు. నేను గబగబా తాళ్లు విప్పడం మొదలుపెట్టాను.

పూజ అయింది. పెద్దల పేర్లు పిలిచారు. మొదటి కాయను లచ్చి యంత్రంలో పెట్టింది, అవ్వ తన వంకర వేళ్లతో పిడిని పట్టుకుని పెడలు తొక్కింది. చెక్కు ఊడి, తెల్లటి ముక్కలు మోదుగాకులో రాలాయి. ఆడవాళ్లు గోలగోలగా నవ్వారు. ఆకు ఎత్తి పెద్దలకు పెట్టబోతుంటే అవ్వ పూజారి చేయి పట్టుకుంది.

"ఆగు. లచ్చి సారు పేరేంది?"

"సన్యాసిరావు" అంది లచ్చి.

"ఆయన గూడ మనలెక్కనే ఆగిండంట గద. పండగ పూట గూడ కాయ తినలేదంట. తినకుండనే పాయె. ముందు ఆయనకు బెట్టు, తర్వాతనే మనం."

పూజారి తల ఊపాడు. మాస్టారి పేరు అతని నోట సరిగ్గా తిరగలేదు. ఎలా తిరిగిందో అలాగే, తన తాతముత్తాతల పేర్ల పక్కన, గట్టిగా పిలిచాడు. మొదటి ముక్క ఆయన పేరున నేల మీద పెట్టాడు.

కేంద్రానికి తాళం ఇంకా ఉంది. కొత్త కమిటీ వస్తుందంటున్నారు, వస్తే మళ్లీ అదే ప్రశ్నలు అడుగుతుంది, జవాబులు నేనే చెప్పాలి. మీ ఇంట్లో ఎవరి నడుము నొప్పెడుతుందని ఇకమీద నేనే అడగాలి. అడుగుతాను మాస్టారూ, కోప్పడుతూనైనా అడుగుతాను. కానీ తిరగబోతున్న చైనులోకి ఉత్త చెయ్యి పెట్టే మనిషి కోసం నేను ఎక్కడికి పోయి వెతకను?

ఆ రోజు అందరితోపాటు నా చేతిలోనూ ఒక ముక్క పెట్టారు. నమిలాను. నోరంతా వగరు. ఉగాది నాడు మీ ఇంట్లో తక్కువైన రుచి అది. గొల్లపల్లిలో తిందామన్నారు కదా మాస్టారూ. మీరు నాకంటే ముందే తిన్నారు.